మ్యాథ్స్ మానేయడానికి నాతో రాయించిన అబద్ధం

నిన్న మధ్యాహ్నంతో పని అయిపోయింది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

మా అమ్మాయి సీబీఎస్‌ఈ పదకొండో తరగతి. ఇంగ్లిష్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఐదోది మ్యాథ్స్. ఆ ఐదోది మావారి పట్టుదల. "రేపు మనసు మారి బీటెక్ అంటే ఏం చేస్తావ్?" అని. కొన్నాళ్లు చదివాక అది మ్యాథ్స్ తీసేసి పెయింటింగ్ పెట్టుకుంటానంది. నీట్‌కి మ్యాథ్స్ అక్కర్లేదు. పదకొండులో తీసుకున్నవే పన్నెండులోనూ చదవాలి కాబట్టి మార్చుకుంటే ఇప్పుడే మార్చుకోవాలి. పెయింటింగ్‌లో థియరీ 30 మార్కులే, ప్రాక్టికల్ 70 అని తెలిశాక మావారు మెత్తబడ్డారు. ఆయనకు నచ్చింది బొమ్మలు కాదు, ఆ 70.

ఇంట్లో ఒప్పించడానికి ఒక సాయంత్రం పట్టింది. స్కూల్లో మూడు వారాలు.

ఫారం తీసుకోవడం, పెయింటింగ్ టీచర్ సంతకం, రెండూ ఒక్కరోజులో అయ్యాయి. తర్వాత తల్లిదండ్రుల లెటర్ కావాలన్నారు. రాశాను. నా చేతిరాత బాగుంటుందని ఇప్పటికీ అంటారు, ఆ లెటర్ కూడా ముచ్చటగా వచ్చింది. 'మా అమ్మాయికి బొమ్మలు వేయడమంటే ఇష్టం, రోజూ వేస్తుంది, అందుకే ఈ మార్పు కోరుతున్నాం.'

కోఆర్డినేటర్ గారు చదివి పక్కన పడేశారు.

"ఇష్టం అనేది కారణం కాదు మేడమ్. అందుకోలేకపోతోంది అని రాయండి."

నాకు అర్థం కాలేదు. "బాగానే చదువుతుంది సార్. పదిలో స్టాండర్డ్ మ్యాథ్సే రాసింది, తేలికగా ఉండే బేసిక్ కాదు" అన్నాను.

"అయితే మానేయడం ఎందుకు?"

గదిలో ఇంకో ఇద్దరు పేరెంట్స్ కూర్చుని ఉన్నారు. ఒకావిడ మా అమ్మాయిని ఎగాదిగా చూసింది. అది తల వంచుకుంది. ఆయన ఇంకో తెల్లకాగితం నా ముందుకు తోశారు. అక్కడే, వాళ్లందరి ముందు, 'మా అమ్మాయి గణితం అందుకోలేకపోతోంది' అని నా చేత్తో నేను రాశాను. పక్కనే నిలబడి అది చదువుతూనే ఉంది.

అంతటితో అయిందా? లెటర్‌కి యూనిట్ టెస్ట్ మార్కులు జత చేయాలన్నారు. మా అమ్మాయికి వచ్చింది ఇరవైకి పదిహేడు. మర్నాడు అదే మనిషి ఆ కాగితం చూసి, "మార్కులు బాగానే ఉన్నాయిగా, అందుకోలేకపోవడం ఏంటి?" అని నన్నే అడిగారు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "తర్వాతి టెస్ట్‌లో తెల్ల పేపర్ ఇచ్చేస్తానమ్మా, సరిపోతుందా?" అంది ఇంటికొచ్చాక. తిట్టాను. తిట్టాల్సింది దాన్ని కాదు.

అసలు మిగతా పిల్లలు ఎలా తీసుకున్నారో నాకు తెలియదా? ఫిజికల్ ఎడ్యుకేషన్ తీసుకున్నవాళ్లలో సగంమంది గ్రౌండ్ మొహమే చూడరు, మార్కులొస్తాయని తీసుకున్నారు. ఒకమ్మాయి స్నేహితురాలు ఉందని కంప్యూటర్ సైన్స్‌లో చేరింది. ఒకబ్బాయి సార్ తిడతారని సైకాలజీ మానేశాడు. వాళ్ల ఫారాల్లో ఏం రాసి ఇచ్చారో కానీ, ఇష్టమని నిజం చెప్పిన పిల్లకే సంజాయిషీ. పిల్లలు మార్కుల వెంట పడుతున్నారని మీటింగుల్లో మనకు క్లాసు పీకేది కూడా వీళ్లే.

తర్వాత రెండు వారాలు 'రేపు రండి'. సోమవారం పొద్దున మాత్రం వెళ్లకండి, ఎవరూ మొహం చూసి మాట్లాడరు. ఏ కాగితం ఇచ్చినా జిరాక్స్ ఉంచుకోండి. కోఆర్డినేటర్ల చుట్టూ అసలు తిరగకండి. నేను మూడో వారంలో తెగించి నేరుగా ప్రిన్సిపల్ గారి గదికి వెళ్లాను. ఆవిడ ఫారం చూసి, "పెయింటింగా, మంచిది" అని సంతకం పెట్టేశారు. లెటర్ తిప్పి కూడా చూడలేదు.

నిన్న ఆఫీసులో మ్యాథ్స్ కోడ్ 041 కొట్టేసి పెయింటింగ్ కోడ్ 049 రాశారు. పని అయ్యాక ఆ లెటర్ తిరిగి ఇచ్చేయమని క్లర్క్‌ని అడిగాను.

"కుదరదమ్మా, అది ఫైల్లో ఉండాలి" అన్నాడు.