తండ్రిని గద్దె దించిన సుల్తాను, మా ఇంటి రామాయణం

ఒమాన్‌లో పిల్లలను పెంచుతున్న తెలుగువారికి ఒక చిక్కు తప్పదు. ఇక్కడ పుట్టిన మన పిల్లలు ఈ దేశపు రాజును తమవాడిగానే అనుకుంటారు. వారి నివాసం మాత్రం తండ్రి ఉద్యోగ వీసాను పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. మా ఇద్దరు పిల్లలూ మస్కట్‌లోనే పుట్టారు. కిరాణా కొట్టు గల్లాపెట్టె వెనుక గోడమీదా, బ్యాంకులోనూ, రియాల్ నోటుమీదా, 1970 నుంచి 2020 వరకు ఈ దేశాన్ని ఏలిన సుల్తాన్ ఖాబూస్ ముఖాన్ని చూస్తూ పెరిగారు. ఒమానీ పిల్లలు ‘బాబా ఖాబూస్’ (నాన్న ఖాబూస్) అంటే వీళ్ళూ అలాగే అంటారు. అందువల్ల ఆయన కథను ఇంట్లో ఎలా చెప్పాలన్నది మాకు పెద్ద ప్రశ్నే అయింది.

ఖాబూస్ 1940 నవంబరు 18న దక్షిణాదిన ఉన్న సలాలాలో పుట్టారు. ఆయన తండ్రి సయీద్ బిన్ తైమూర్ అజ్మీర్‌లోని మేయో కళాశాలలో చదువుకున్నవారని చెప్పగానే మా అబ్బాయి సర్దుకుని కూర్చున్నాడు. అంత చదువుకున్న రాజు తన ప్రజలను మాత్రం చదువుకు దూరంగా ఉంచారు. 1970 నాటికి దేశం మొత్తానికి మూడే బడులు, పది కిలోమీటర్ల తారు రోడ్డు ఉండేవి. రాత్రి మస్కట్ కోట తలుపులు మూసేసిన తర్వాత వీధిలోకి రావాలంటే చేతిలో లాంతరు ఉండి తీరాలి. 1967లో చమురు ఎగుమతి మొదలైనా ఖర్చు పెట్టడానికి ఆయనకు చేతులు రాలేదు. కొడుకును ఇంగ్లండు పంపి శాండ్‌హర్స్ట్‌లో సైనిక శిక్షణ ఇప్పించిన ఆయనే, 1964లో తిరిగి వచ్చిన ఆ కొడుకును సలాలాలో దాదాపు గృహనిర్బంధంలో ఉంచారు. మరోవైపు సలాలా ఉన్న దక్షిణ ప్రాంతమైన ధోఫార్ కొండల్లో తిరుగుబాటు రాజుకుంది. చివరికి 1970 జూలై 23న ఖాబూస్ బ్రిటిష్ అధికారుల అండతో తండ్రిని గద్దె దించారు. ఆ పెనుగులాటలో పాత సుల్తాను తన తుపాకీతో తన పాదాన్నే కాల్చుకున్నారు. లండన్‌కు వెళ్ళిపోయి 1972లో అక్కడే మరణించారు.

కథ ఇక్కడికి వచ్చేసరికి మా అమ్మాయి అడ్డుపడింది. తండ్రి మాట కోసం రాజ్యం వదిలి అడవికి వెళ్ళిన రాముడి కథను తను వేసవి సెలవుల్లో కాకినాడలో వాళ్ళ నానమ్మ దగ్గర వింటూ ఉంటుంది. “అమ్మా, నాన్ననే దించేసినాయన మంచివాడెలా అవుతాడు?” అని నిలదీసింది. ఫోనులో ఈ మాట విన్న మా అత్తగారు, “ప్రహ్లాదుడు మాత్రం తండ్రి మాట విన్నాడటే?” అన్నారు. మా అమ్మాయి తడుముకోలేదు. “ప్రహ్లాదుడి వెనుక నరసింహస్వామి ఉన్నాడు నానమ్మా, ఈయన వెనుక బ్రిటిష్‌వాళ్ళున్నారు” అంది. అత్తగారు నవ్వేసి ఊరుకున్నారు. నాకైతే ఆ జవాబు ముచ్చటేసింది. ఆ చిత్రపటానికి దండం పెట్టడం కన్నా ఈ ప్రశ్న అడగడమే ఆ మనిషికి ఎక్కువ గౌరవమని నా అభిప్రాయం.

ఆ తర్వాతి యాభై ఏళ్ళలో జరిగింది పిల్లలు కళ్ళారా చూస్తున్నదే కనుక, బడులు, ఆసుపత్రులు, రోడ్ల గురించి మేము పెద్దగా చెప్పనక్కర లేకపోయింది. నేను ఎక్కువసేపు ఆగినది ధోఫార్ దగ్గర. బ్రిటన్, ఇరాన్, జోర్డాన్ సాయంతో 1975 చివరికి ఆ యుద్ధాన్ని గెలిచిన ఖాబూస్, లొంగిపోయిన తిరుగుబాటుదారులను క్షమించి తన సైన్యానికి తోడుగా నిలబెట్టుకున్నారు. ఒకప్పుడు ఆ ఉద్యమంలో ఉన్న యూసుఫ్ బిన్ అలావీ చాలా ఏళ్ళపాటు దేశ విదేశాంగ వ్యవహారాలు నడిపారు. అమెరికా, ఇరాన్ ప్రతినిధులు రహస్యంగా మాట్లాడుకోవడానికి ఖాబూస్ తన దేశంలో చోటిచ్చారు. శివరాత్రికి మేము వెళ్ళే శివాలయం పాత మస్కట్‌లో ఆయన రాజప్రాసాదానికి దగ్గరలోనే ఉంది. రెండో వైపు కూడా దాచలేదు. ఆయన ఏలుబడిలో రాజకీయ పార్టీలకు చోటు లేదు. 2011లో సోహార్ పట్టణంలో యువకులు ఉద్యోగాల కోసం వీధికెక్కినప్పుడు ఆయన మంత్రులను మార్చి 50,000 ఉద్యోగాలు ప్రకటించారు. మరుసటి ఏడాది సుల్తానును కించపరిచారన్న అభియోగంపై కొందరు రచయితలు, కార్యకర్తలు జైలు పాలయ్యారు. ఇటువంటి మాటలు బయట అనకూడదని పిల్లలకు చెప్పాల్సి రావడం కష్టంగానే ఉంటుంది, కానీ చెప్పి తీరాలి.

ఖాబూస్‌కు సంతానం లేదు. 2020 జనవరి 10న ఆయన మరణించినప్పుడు, వారసుడి పేరు రాసి మూసిపెట్టిన ఉత్తరాన్ని రాజకుటుంబం మరునాడు విప్పింది. అందులో ఆయన పినతండ్రి కుమారుడు హైతమ్ బిన్ తారిక్ పేరు ఉంది. 2021లో వచ్చిన కొత్త ప్రాథమిక శాసనంతో (ఇక్కడి రాజ్యాంగం లాంటిది) యువరాజు పదవి ఏర్పడి, సుల్తాన్ హైతమ్ పెద్ద కుమారుడు ధియాజిన్ వారసుడయ్యారు.

అది విన్న మా అమ్మాయి, “అయితే ఈసారి తండ్రి మాట వింటే చాలన్నమాట” అంది. తమ్ముడికి మాత్రం ఉత్తరం కథే నచ్చింది. ఆ కవరును అన్నాళ్ళూ ఎవరూ విప్పి చూడకుండా ఎలా ఉన్నారని వాడు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు.