మూడు గ్రాములు

బుధవారం, రాత్రి పది దాటింది.

నిన్న రాత్రి సగమే నిద్ర. రెండున్నర ప్రాంతంలో పక్క గదిలో ఎవరో గిన్నెల అర కూలదోసినంత చప్పుడైంది. లేచి పరుగెత్తాను గానీ దొంగల భయంతో కాదు. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. చీకట్లో దేనికో ఉలిక్కిపడి మా కాకటీల్ పక్షి తురాయి, పంజరం కడ్డీలకేసి రెక్కలు బాదుకుంటోంది. కాకటీల్ అంటే చిన్న రకం చిలక, వీటికి ఈ రాత్రి బెదురు మామూలే. గోడ మీద పురుగు కదిలినా, బయట పోయే బండి వెలుగు కర్టెన్ మీద జారినా చాలు, నిద్రలోనే ఎగరడం మొదలుపెడతాయి. ఎటు ఎగరాలో కనబడదు. నాలుగు వైపులా కడ్డీలే.

మొదటిసారి ఇలా జరిగినప్పుడు చెయ్యి లోపల పెట్టి పట్టుకోబోయాను. చూపుడువేలి మీద ఆ మచ్చ ఇంకా ఉంది. ఇప్పుడైతే దీపం వేసి, నాలుగడుగుల దూరంలో నిలబడి, మెల్లగా మాట్లాడతాను. ఏం మాట్లాడినా ఫరవాలేదు, గొంతు తెలిసినదైతే చాలు. నిన్న కరెంటు బిల్లు కట్టడం మరిచిపోయిన సంగతి మొత్తం చెప్పాను. తల మీది కుచ్చు మేకులా నిటారుగా నిలబడింది. ఆ కుచ్చు చూసే దానికి తురాయి అని పేరు పెట్టాం. ఇంత చిన్న పక్షి కాకటూల, అంటే కుచ్చు ఉండే పెద్ద చిలకల, వంశంలోదంటే ఎవరూ నమ్మరు, ఆ కుచ్చు చూస్తే నమ్ముతారు. బిల్లు సంగతి అయిపోయేసరికి కుచ్చు సగం వాలింది. అప్పుడు అడుగున పరిచిన కాగితం చూశాను. రెండు బూడిదరంగు ఈకలు, రెట్టలు, నెత్తురు మాత్రం లేదు. ఇది ఈకలు రాల్చే కాలం కాబట్టి అదే నా భయం. కొత్తగా మొలిచే ఈక కాడలో రక్తం పారుతూ ఉంటుంది. అది విరిగితే అంత చిన్న ఒంట్లోంచి పోయే ప్రతి చుక్కా లెక్కే.

ఈ గొడవంతా జరుగుతుంటే పక్క పంజరంలోంచి గడియ నిద్ర మత్తులో "ఏం చేస్తున్నావు?" అని అడిగాడు. గడియ బడ్జీ, అదీ ఒక చిన్న రకం చిలకే. వాడికి మూడు మాటలే వచ్చు, అందులో ఇదొకటి. పక్ అనే బడ్జీ 1,728 పదాలతో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిందట. మావాడికి అంత ఆశ లేదు. అయితే ఉన్న మూడింటినీ ఎప్పుడు వాడాలో ఆ పక్‌కైనా ఇంత బాగా తెలుసో లేదో.

పొద్దున ఆలస్యంగా లేచాను. రోజూ చేసే పనే చేశాను. వంటింటి కాటా మీద చిన్న కొమ్మ నిలబెట్టి, తురాయిని ఎక్కించి, అంకె నిలిచేదాకా ఊపిరి బిగపట్టి చూశాను. 90. సోమవారం 93, మంగళవారం 93, ఇవాళ 90. దించి మళ్లీ ఎక్కించాను. 90. కాటాను సమంగా ఉన్న చోటికి మార్చి మళ్లీ చూశాను. ఈసారి తురాయికి విసుగొచ్చి కాటా మీది బొత్తాన్ని ముక్కుతో నొక్కేసింది.

మూడు గ్రాములంటే మనకు ఏమీ కాదు. తొంభై మూడు గ్రాముల ఒంట్లో మూడు గ్రాములంటే, డెబ్బై కిలోల మనిషి రాత్రికి రాత్రి రెండు కిలోలకు పైగా తగ్గినట్టు. పదో వంతు తగ్గితే ఆగకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలని నాకు తెలుసు. ఇది అంత కాదనీ తెలుసు. అయినా కడుపులో ఏదో కదిలింది.

ఈ తూకాల పుస్తకం ఎందుకు మొదలైందో ఇందులో ఎప్పుడూ రాయలేదు. గడియకు ఒక జోడీ ఉండేది, విఘడియ. ఒక ఉదయం అది కొమ్మ దిగి పంజరం అడుగున మూల కూర్చుంది, ఒళ్లంతా ఉబ్బించుకుని పత్తి ఉండలా. డాక్టరు దాన్ని అరచేతిలో పట్టుకుని, నా వేలు తీసి దాని రొమ్ము మీద పెట్టారు. ఈకల కింద మెత్తగా కండ తగలాల్సిన చోట ఎముక అంచు కత్తిలా తగిలింది. "ఇది నిన్నటిది కాదు, చాలా రోజుల నుంచి తగ్గుతోంది" అన్నారు. ఆ సాయంత్రం చనిపోయింది. నేనేమో రోజూ గిన్నె నిండుగా ఉందని చూసి తృప్తి పడుతున్నాను. గిన్నెలో ఉన్నది గింజలు కాదు, పొట్టు. చిలకలు గింజను ఒలిచి పొట్టును అక్కడే వదిలేస్తాయి. ఊదితే ఎగిరిపోయే పొట్టును నిండు గిన్నె అనుకున్నాను. అంతకు ముందు రోజు కూడా అది గడియ పక్కన కూర్చుని, గిన్నె దగ్గరికి వెళ్లి తింటున్నట్టే ముక్కు ఆడించింది. గుంపులో నలతగా కనబడిన పక్షి మీదే డేగ కన్ను పడుతుంది కాబట్టి కనబడనివ్వవు. మనం డేగలం కాదని వాటికి ఎవరు చెప్పాలి! అందుకే కళ్లను నమ్మడం మానేసి కాటాను నమ్ముతున్నాను.

ఇవాళ పని చేసిన మాటేగాని మనసు ఇక్కడ లేదు. అరగంటకోసారి లేచి వెళ్లి కాగితం మీద రెట్టలు చూశాను. వీటితో ఉంటే రెట్టలు చదవడం దానంతట అదే వస్తుంది. ఆకుపచ్చగా ఉండేది ఒకటి, సున్నం ముద్దలా తెల్లనిది ఒకటి, చుట్టూ కాస్త నీటి చెమ్మ. మూడూ ఉన్నాయి, రంగులు సరిగానే ఉన్నాయి. క్యారెట్ తురుము, ఆకుకూర పెట్టాను. తింది. ఈ క్యారెట్ ఒప్పించడానికి ఆరు వారాలు పట్టింది. చిలక్కి చెప్పినట్టు చెప్పడం అంటారు కదా, ఆ మాట కనిపెట్టినవారు చిలకను పెంచలేదని నా నమ్మకం. వట్టి గింజల మీదే బతికితే విటమిన్ ఏ చాలదు, కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది అని దానికి ఎంత చెప్పినా లాభం లేకపోయింది. చివరికి దాని ఎదుట కూర్చుని నేనే పచ్చి క్యారెట్ కరకరా నమిలితే, నా నోట్లోది కావాలని వచ్చింది. గడియకు ఆ పేచీలు లేవు. పండు మిరపకాయ గింజలు కూడా నింపాదిగా నమిలేస్తాడు. పక్షి నోటికి ఆ కారం తెలియదు. చూస్తున్న నాకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

పదకొండుకు వీడియో మీటింగు. మధ్యలో ఒకరు "మీ ఫోను మోగుతున్నట్టుంది, తీయండి" అన్నారు. నా ఫోను మ్యూట్‌లో ఉంది. మోగుతున్నది తురాయి. తలుపు వేసుకుని కనబడకుండా పోతే నన్ను పిలవడానికి అది కనిపెట్టిన ఉపాయం ఇది, ఫోను మోగితే నేను తప్పకుండా వస్తానని ఎప్పుడో గమనించింది. మామూలు రోజైతే సిగ్గుపడేవాణ్ని, ఇవాళ మాత్రం గొంతు అంత గట్టిగా ఉంది కదా అని సంతోషించాను.

మధ్యాహ్నం అమ్మ వచ్చి నా మొహం చూసి ఏమైందని అడిగింది. పుస్తకం చూపించాను. కళ్లజోడు పెట్టుకుని అంకెలన్నీ చదివి, "పొద్దున ఎన్నింటికి తూచావు?" అంది.

"ఎనిమిదింటికి. ఆలస్యంగా లేచాను."

"నేను ఏడింటికి దుప్పటి తీశాను. తీయగానే పెద్ద రెట్ట వేసింది. నువ్వు రోజూ అది వేయకముందే తూస్తావు కదా?"

నోట మాట రాలేదు. రాత్రంతా బిగబట్టుకున్నదంతా పొద్దున్నే ఒకేసారి దించుకోవడం వీటి అలవాటు. దుప్పటి తీయడం, తూచడం, తరువాత కాగితం మార్చడం, ఈ వరస నేనే పెట్టుకున్నాను. పైగా అమ్మకు పాఠం చెప్పినట్టు చెప్పాను కూడా. రోజు పొడుగునా నేను బెంగపడింది ఒక రెట్ట గురించి.

"అది బాగానే ఉంది. నువ్వు అన్నం తిను" అని అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం నీళ్లు చిలకరించాను. రెక్కలు విప్పి తలకిందులుగా వేలాడింది, తుంపర పడని చోటు ఒక్కటీ మిగలకుండా అటూ ఇటూ తిరిగింది. ఒంటి మీది తెల్లటి పొడి కొంతైనా అణుగుతుంది. అది నా నల్ల చొక్కాల మీద, కంప్యూటర్ తెర మీద, నిన్న చూస్తే గడియారం ముల్లు మీద కూడా ఉంది.

ఆరాక వచ్చి భుజం మీద కూర్చుని తల వంచింది. గోకమని. తల మీద కొత్త ఈకలు ముళ్లలా మొలిచి ఉన్నాయి. ఒక్కొక్కదానికి మైనపు గొట్టం లాంటి తొడుగు. ఒంటి మీది వాటిని అదే ముక్కుతో ఒలుచుకుంటుంది గానీ, తల మీద ముక్కు అందదు. జోడీ ఉంటే అది ఒలుస్తుంది. ఇక్కడ నా గోళ్లే జోడీ. ఎండిన తొడుగును రెండు వేళ్ల మధ్య మెల్లగా నలిపితే పొట్టులా రాలి, లోపలి నుంచి ఈక చిన్న కుంచెలా విచ్చుకుంటుంది. ఇంకా పండని దాన్ని తాకితే మాత్రం కీచుమని అరిచి వేలు నొక్కుతుంది. కొరకదు, నొక్కుతుంది. ఎంత నొక్కితే నొప్పి పుట్టదో దానికి తెలుసు. పావుగంట ఒలిచాను. చెవి మీది నారింజ చుక్క దగ్గరకు వచ్చేసరికి కళ్లు కింది నుంచి పైకి మూసుకుంది.

ఇప్పుడు రెండు పంజరాల మీదా దుప్పటి కప్పాను. తురాయి వైపు ఒక మూల మడిచి, చిన్న రాత్రి దీపం పెట్టాను. నిన్నటిలా బెదిరితే కనీసం కొమ్మ ఎక్కడుందో కనబడుతుంది. లోపలి నుంచి గరగరమని చప్పుడు వస్తోంది, ఇసుక మీద గచ్చకాయ దొర్లుతున్నట్టు. ముక్కు కింది భాగాన్ని పైదానికి రాసుకుంటోంది. నిశ్చింతగా నిద్రలోకి జారేటప్పుడే అలా చేస్తుంది. గడియ ఇంకా గొణుగుతున్నాడు.

గురువారం పొద్దున, ఆరున్నర. రాత్రి చప్పుడేమీ లేదు. దుప్పటి నేనే తీశాను. రెట్టకు ముందు 93. తరువాత 91. మిగతా ఆ ఒక్క గ్రాము మొన్నటి బెదురులో ఖర్చయిందని రాసుకుని, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.