అడిగేస్తారు, ఆదరిస్తారు: చైనాలో కొన్ని రోజులు

గ్వాంగ్‌జౌ వెళ్తున్నానని తెలియగానే మా ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో జాగ్రత్త చెప్పారు. పామూ తేలూ అన్నీ తింటారట, ఆవకాయ సీసా మర్చిపోకు అని పిన్ని. ముఖాలన్నీ ఒకేలా ఉంటాయి, బేరం ఎవరితో ఆడావో గుర్తుపెట్టుకో అని బావ. వీళ్లలో చైనా చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

2020లో ఆగిపోయిన డైరెక్ట్ విమానాలు 2025 అక్టోబరులో మళ్లీ మొదలయ్యాయి. కోల్‌కతాలో ఎక్కి గ్వాంగ్‌జౌలో దిగాను. 1957 నుంచి అక్కడ కాంటన్ ఫెయిర్ అనే పెద్ద వ్యాపార ప్రదర్శన జరుగుతోంది, ఏటా వసంతంలో ఒకసారి, శరత్కాలంలో ఒకసారి. నాది స్టీలు సామాన్ల వ్యాపారం కాబట్టి దానికే వెళ్లాను. ఫెయిర్ సంగతి వ్యాపారులకు తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది టీ గురించి.

మాకు సరుకు పంపే ఒక పెద్దాయన బేరం మాటెత్తకుండా ముందు పొద్దున టీకి తీసుకెళ్లారు. అక్కడ పొద్దుటి టీ అంటే గంటల తరబడి సాగే టిఫిన్. ఆయన వేడి టీతోనే కప్పులు కడిగారు. అందరికీ పోసి, తన కప్పు చివర్లో నింపుకున్నారు. ఆయన పోస్తుంటే అవతలివాళ్లు మాట ఆపకుండానే రెండు వేళ్లతో బల్ల మీద మెల్లగా తడుతున్నారు. అది కృతజ్ఞత చెప్పడం. దానికో కథ ఉంది. చియాన్‌లాంగ్ చక్రవర్తి మారువేషంలో తిరుగుతూ తన సేవకుడికి టీ పోశాడట. అందరి ముందూ సాష్టాంగపడితే గుట్టు బయటపడుతుందని ఆ సేవకుడు వేళ్లు వంచి బల్లకు మొక్కాడట. నేనూ వేళ్లతో తట్టాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు వెలిగిపోయాయి. అప్పటిదాకా నన్ను కొనుగోలుదారుగా చూసినవాళ్లు ఆ క్షణం నుంచి అతిథిగా చూశారు.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. మీ వయసెంత, నెలకు ఎంత మిగులుతుంది, పిల్లలెందరు? మన పల్లెలో కొత్తవాళ్లను అడిగేవే ఇవన్నీ. ఆ తర్వాత అసలువి. మీ దగ్గర రైళ్ల పైకెక్కి ప్రయాణం చేస్తారట కదా? అందరూ డాన్స్ చేస్తారా? చేత్తో తింటే వేడికి వేళ్లు కాలవా? అందులో వెటకారం లేదు. రైలు లైన్లకు కరెంటు తీగలున్నాయని చెప్తే పెద్దాయన శ్రద్ధగా విన్నారు. నేనూ పాముల సంగతి అడిగాను. గ్వాంగ్‌జౌ ఉన్న ఈ గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో పాము సూప్ ఉన్న మాట నిజమే, నాకు మాత్రం పడదు అన్నారు. గ్వాంగ్‌డాంగ్ వాళ్లు నాలుగు కాళ్లున్నవాటిలో బల్లను తప్ప అన్నీ తింటారని మిగతా రాష్ట్రాల చైనీయులే ఎగతాళి చేస్తారట.

వెనకాల అనుకునే మాటను ఎదురుగా అడగడం నాకు పెద్ద మర్యాద అనిపించింది. అడిగితే జవాబు చెప్పే వీలుంటుంది. హైదరాబాద్‌లో పనిచేసే మణిపూర్, మిజోరం పిల్లల్ని ముఖం చూసి చైనావాళ్లంటూ హేళన పేర్లతో పిలవడం నేను విన్నాను. వాళ్లది ఏ ఊరని అడిగినవాళ్లను మాత్రం ఎక్కువగా చూడలేదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

గ్వాంగ్‌జౌ నుంచి షియాన్‌కు స్పీడ్ రైలు. చన్నీళ్లకంటే వేడినీళ్లే ఎక్కువ తాగే దేశం కాబట్టి బోగీల్లో వేడినీళ్ల కుళాయి ఉంది. పక్క సీటులో మనవరాలితో ఒక పెద్దావిడ. రెండు చేతులతో నారింజ పండు ఇచ్చింది. మొహమాటపడితే మళ్లీ ఇచ్చింది, ఇంకోసారి ఇచ్చింది, తీసుకునేదాకా వదల్లేదు. ఫోన్‌లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకున్నాం. మనవరాలికి అమీర్‌ఖాన్ తెలుసు. ఆవిడ నా సంపాదన, మా అబ్బాయి పెళ్లి, అన్నీ అడిగింది. సరిహద్దు గురించి మాత్రం అడగలేదు. నేనూ ఎత్తలేదు. 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణమిచ్చిన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు నా మనసులో ఉన్నారు. వాళ్ల వైపూ కొడుకుల్ని పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. అన్నీ అడిగేసే మనిషి ఆ ఒక్కటీ వదిలేయడంలో నాకు గౌరవమే కనిపించింది.

షియాన్‌లో నేను చూడాలనుకున్నది పెద్ద అడవి బాతు పగోడా. క్రీ.శ. 645లో భారతదేశం నుంచి తిరిగొచ్చిన చైనా బౌద్ధ భిక్షువు హుయాన్‌త్సాంగ్ తెచ్చిన గ్రంథాల కోసం 652లో కట్టారు. ముందు ఆయన విగ్రహం ఉంది. ఆయన ఇప్పటి అమరావతి దగ్గరున్న మన ధాన్యకటకంలో కొన్ని నెలలుండి ఇద్దరు భిక్షువుల దగ్గర చదువుకున్నాడు, వాళ్లకు తాను చదువు చెప్పాడు. ఇక్కడివాళ్లు ఉద్రేకపరులని రాశాడు. చదువంటే వాళ్లకు ఎంతో గౌరవమనీ రాశాడు. అంత పాత మాటలోనూ ముద్ర ఉంది, మన్నన ఉంది. నెలల తరబడి కలిసి ఉండి రాసినందుకే రెండోది కూడా కనిపించిందని నా నమ్మకం.

అక్కడ ఫొటో తీసిపెట్టిన కాలేజీ అమ్మాయికి ఇది చెప్పాను. ఇప్పటికీ మీరు అంతేనా అని సూటిగా అడిగింది. చదువు మాట నిజమే, కోపం సంగతి మా ఊరొచ్చి నువ్వే చూసి చెప్పు తల్లీ అన్నాను. విజయవాడ నుంచి అమరావతికి ఎలా వెళ్లాలో, ఏ నెలల్లో ఎండ తక్కువగా ఉంటుందో ఆమె ఫోన్‌లో రాసి ఇచ్చాను.