పలక మీద మన మాటలు

మన బడి పాత విద్యార్థులం కలుసుకుంటున్న సందర్భంగా తెస్తున్న ఈ సంచికలో ఆటల పోటీల గురించీ పదో తరగతి గురించీ రాసేవాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి నేను ఒకటో తరగతి గురించి రాస్తున్నాను. ఇప్పుడు నేనూ ప్రాథమిక పాఠశాలలోనే పాఠాలు చెబుతున్నాను, ఏటా జూన్‌లో కొత్త పిల్లలు వచ్చి ముందు కూర్చోగానే మన టీచరమ్మ మనకు చదవడం, రాయడం ఎట్లా నేర్పించారన్నదే నాకు ముందు గుర్తొస్తుంది.

అప్పట్లో ఎక్కడ చూసినా పద్ధతి ఒక్కటే, అ నుంచి వరసగా పలక మీద దిద్దించడం, ఆ తర్వాత గుణింతాలు వల్లె వేయించడం. క కా కి కీ అని ఊపిరి తీసుకోకుండా చెప్పే పిల్లలు బోర్డు మీద ‘కాకి’ అని రాస్తే బిక్కమొహం వేసేవాళ్లు, ఎందుకంటే నోటికి వచ్చింది వరస మాత్రమే, అక్షరం కాదు. టీచరమ్మ ఇది పసిగట్టి వరసనే పక్కన పెట్టేశారు. ముందు ల, త, వ, క, ప. ఈ ఐదూ వస్తే చాలు తల, వల, కల, పలక, కలప అన్నీ చదివేయొచ్చు, గుణింతం గుర్తులతో పనే లేదు. బడికి వచ్చిన కొద్ది రోజులకే నిజంగా ఒక మాట చదవగలిగిన పిల్లకు ఎంత ధైర్యం వస్తుందో నేను ఇప్పుడు నా క్లాసులో రోజూ చూస్తున్నాను.

ద, థ, ధ మూడూ ఒకే రోజు చెప్పకూడదని ఆమె గట్టి నమ్మకం. ద బాగా కుదిరాకే చుక్క పెట్టిన థ, అది కూడా కుదిరాక ధ. ఇక వత్తులు. చాలా అక్షరాలకు తలకట్టు తీసేసి కింద చిన్నగా రాస్తే అదే వత్తు అయిపోతుంది కానీ త, న, మ, య, ర, ల ఒత్తు దగ్గరికి వచ్చేసరికి రూపం మార్చుకుంటాయి, పిల్లలు ఆగిపోయేది అక్కడే. టీచరమ్మ వాటికి వెతికిన మాటలు అత్త, అన్న, అమ్మ, అయ్య, పిల్ల. అందరూ ఇంట్లోవాళ్లే! ర వత్తుకు మాత్రం చక్రం. ఇంత తేలికైన దారి ట్రైనింగులో కూడా నాకెవరూ చెప్పలేదు.

అన్నిటికంటే నేను ఎక్కువ చెప్పుకోవాల్సింది మనతో రాయించిన తీరు. అంగడి జరిగిన మర్నాడు ఒక్కొక్కరినీ అడిగేవారు, నిన్న ఏం చూశావు, ఏం తిన్నావు అని, మనం చెప్పింది చెప్పినట్టే బోర్డు మీద రాసేవారు. “మా బర్రె ఈనింది” అంటే అదే వాక్యం. గోంగూరను పుంటికూర అంటే పుంటికూరే, దిద్దేవారు కాదు. ఎవరి వాక్యం వాళ్లు చదవాలి, తర్వాత పక్కవాళ్లది చదవాలి. తండా నుంచి వచ్చే పిల్లలు మొదట్లో అసలు నోరు విప్పేవాళ్లు కాదు, వాళ్ల ఇళ్లలో లంబాడీ తప్ప తెలుగు వినిపించదు కదా. ఒకరోజు వాళ్లలో ఒకణ్ణి పిలిచి అమ్మను ఏమంటారని అడిగి, ‘యాడి’ అని తెలుగు అక్షరాల్లో రాసి, పక్కనే ‘అమ్మ’ అని రాశారు. ఆ తర్వాత వాడు రోజుకో మాట తెచ్చేవాడు, మేమూ వాడి మాటలు నేర్చుకున్నాం. ఇంటి భాషను బడి గుమ్మం బయట వదిలి రమ్మంటే పిల్లవాడు నోరు కూడా అక్కడే వదిలి వస్తాడు, ఈ మాట నేను ఏ మీటింగులోనైనా చెబుతాను.

మనం రాసిన కాగితాలన్నీ గోడకు గోడకు కట్టిన దారం మీద వేలాడేవి, గుర్తుందా? బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో నడిచిన అప్పెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) పథకంలో పిల్లల పనిని తరగతి గదిలో ప్రదర్శించాలన్నది ఒక సూత్రమని నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది. పథకం చెప్పిందని చాలా చోట్ల కొన్న చార్టులు తగిలించారు, మన దగ్గర మాత్రం మన రాతలే ఉండేవి.

చూచిరాత ఆమె కూడా రాయించేవారు, దానివల్ల దస్తూరి బాగుపడుతుంది, కాదనను. కానీ రోజంతా చూచిరాతే రాయించి పిల్లలకు రాయడం వచ్చిందనుకోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఉక్తలేఖనంలో పేజీ నిండా ఎర్ర ఇంకు పెట్టడం కూడా అంతే. ఆమె ఒక్క తప్పుకే సున్నా చుట్టి, మిగతావి రేపు చూద్దాంలే అనేవారు.

2021లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం గానీ, 2022లో తెలంగాణలో వచ్చిన తొలిమెట్టు కార్యక్రమం గానీ అడుగుతున్నది ఇదే, చిన్న తరగతుల్లోనే పిల్లలు అర్థం చేసుకుంటూ చదవాలని. మంచి మాటే. కానీ ఒక్క టీచరు రెండు మూడు తరగతులు చూసుకునే బడిలో పిల్లవాడి పక్కన కూర్చుని చదివించే మనిషి కావాలి. ఈసారి మనం బడికి రంగులు, ఫ్యాన్లు కాకుండా కథల పుస్తకాలు ఇద్దాం, పేజీకి రెండు మూడు వాక్యాలు, పెద్ద అక్షరాలు ఉండేవి. బీరువాలో పెట్టి తాళం వేయకుండా దారం మీద వేలాడదీద్దాం. ఊళ్లో ఉంటున్నవాళ్లు వారానికి ఒక గంట వెళ్లి ఒకటో తరగతి పిల్లలతో చదివించండి. ఎవరెవరు వస్తారో మనం కలుసుకునే రోజే పేర్లు ఇచ్చేస్తే హెడ్మాస్టరు గారితో నేను మాట్లాడతాను.