నూటయాభై డాలర్ల మంగళవారం

ఇవాళ ఇంటి నుంచే పని. పొద్దున్నే టీ పెట్టుకుని కార్డుల స్టేట్‌మెంట్లు తెరిచాను. విమానాల కార్డు, అంటే విమాన సంస్థ పేరుతో బ్యాంకు ఇచ్చే క్రెడిట్ కార్డు, దాని మీద అసలు ఏమీ ఉండకూడదు, అది కిందటేడు నుంచీ సొరుగులోనే పడి ఉంది. తీరా చూస్తే 150 డాలర్లు. యాన్యువల్ ఫీజట. మొదటి ఏడాది ఉచితం అని ఇచ్చారు, ఆ ముచ్చట తీరిపోయింది. వస్తుందని తెలుసు, ఫోన్ క్యాలెండర్లో రాసి పెట్టుకున్నాను కూడా. తెలిసి వచ్చే ఖర్చుకి కూడా ఒళ్ళెందుకు మండుతుందో!

ఏ బ్యాంకో, ఏ విమానమో ఇక్కడ రాయను. అందరిదీ ఇంచుమించు ఒకటే మేళం. డెల్టా గోల్డ్ కార్డు 99 డాలర్లు ఉండేది, 2024 ఫిబ్రవరిలో 150 చేశారు. యునైటెడ్ ఎక్స్‌ప్లోరర్ 95 ఉండేది, 2025లో అదీ 150కి చేరింది. ఫీజు పెంచిన ప్రతిసారీ ఏవో కూపన్లు జత చేస్తారు. ఫలానా హోటల్లో దిగితే ఇంత, ఫలానా కంపెనీ ట్యాక్సీ ఎక్కితే నెలకింత అని. అవన్నీ వాడుకోవాలంటే మళ్ళీ ఎక్స్‌సెల్ షీటు పెట్టుకోవాలి. పొద్దంతా ఆఫీసులో చేసేది అదే, ఇంట్లోనూ అదేనా?

నేను ఈ కార్డు తీసుకున్నది మైళ్ళ కోసం (గీకిన కొద్దీ వచ్చి, టికెట్‌కి పనికొచ్చే పాయింట్లు) కాదు, బ్యాగు కోసం. కిందటేడు సియాటిల్‌లో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాం. 2024లో పెద్ద విమాన సంస్థలు చాలావరకు ఒకదాని వెనక ఒకటి మొదటి చెకిన్ బ్యాగుకి 35 డాలర్లు చేసేశాయి, కొందరు ఎయిర్‌పోర్టులో కడితే 40 అన్నారు. ఒక బ్యాగుకి రానూ పోనూ 70, రెండింటికి 140. చేతి బ్యాగుతో వెళ్ళొచ్చు కదా అంటారు మా ఆయన. ఆవకాయ జాడీ చేతి బ్యాగులో ఎలా పోనిస్తారు? 100 మిల్లీలీటర్లు దాటిన పచ్చడైనా, నెయ్యైనా సెక్యూరిటీ దగ్గరే ఆపేస్తారు. ఆడపడుచు ఇంటికి ఉత్తి చేతులతో వెళ్ళలేం. అంచేత తెలుగువాళ్ళకి చెకిన్ బ్యాగు విలాసం కాదు, అవసరం. కార్డు ఉంటే మొదటి బ్యాగు ఉచితం. డెల్టా కార్డయితే అదే బుకింగులో ఉన్న మరో 8 మందికి కూడా వర్తిస్తుంది. యునైటెడ్ ఎక్స్‌ప్లోరర్‌కి వెంట వచ్చే ఒక్కరికే, అదీ టికెట్ ఆ కార్డుతోనే కొని ఉండాలి. నలుగురున్న ఇంటికి ఈ తేడా చిన్నదేమీ కాదు. కార్డు తీసుకునేటప్పుడు చూడాల్సింది బోనస్ మైళ్ళ అంకె కన్నా ముందు ఇదే అని నా అభిప్రాయం.

అంటే ఏడాదికొక్క దేశవాళీ ప్రయాణం, రెండు బ్యాగులు ఉంటే చాలు, ఫీజు దాదాపు రాబట్టుకున్నట్టే. ఈ ఏడాది మాత్రం ఆ ప్రయాణం లేదు. వేసవిలో ఇండియా వెళ్తున్నాం, దోహా మీదుగా. ఆ విమానంలో బ్యాగులు టికెట్‌తోనే వస్తాయి, ఈ కార్డు చూపిస్తే వాళ్ళు నవ్వుతారు. పిల్లల బడి సెలవులు, మా ఇద్దరి ఆఫీసు సెలవులు అన్నీ అక్కడికే సరి. సియాటిల్ వచ్చే ఏడాది మాట. మరి 150 ఎందుకు కట్టాలి?

పది గంటల మీటింగులో నా వంతు వచ్చేదాకా ఖాళీయే కాబట్టి స్టేట్‌మెంట్ వెనక పేజీ చదివాను. ఫెడరల్ నిబంధన ఒకటుంది, రెగ్యులేషన్ జెడ్ అంటారు. ఏటా ఫీజు తీసుకునే కార్డయితే, ఆ ఫీజు పడకుండా ఉండాలంటే ఎప్పటిలోగా, ఎలా మూసుకోవాలో బ్యాంకు రాతపూర్వకంగా చెప్పి తీరాలి. ఫీజు పడ్డాక 30 రోజుల్లోపు మూసేస్తే పెద్ద బ్యాంకులు చాలావరకు మొత్తం వెనక్కి ఇచ్చేస్తాయి. అందుకే ఫీజు పడకముందు ఫోన్ చేయడం కన్నా, పడ్డాక చేయడమే మేలని తెలిసినవాళ్ళు చెబుతారు. ముందే చేస్తే, 'ఇంకా పడలేదు కదండీ, పడ్డాక చూద్దాం' అని మర్యాదగా సాగనంపుతారు.

మా పాప స్నేహితురాలి వాళ్ళమ్మ ఇక్కడే, మా ఊళ్ళోని పొలారిస్ అనే పేటలో, బ్యాంకు ఆఫీసులో పనిచేస్తుంది. కొలంబస్‌లో మనవాళ్ళు చాలామందికి ఆ చుట్టుపక్కలే ఉద్యోగాలు. లోపలి సంగతి ఏమైనా చెబుతుందేమోనని మెసేజ్ పెట్టాను. 'నేను హోమ్ లోన్ల వైపు వదినా, నా కార్డు ఫీజే నేను కడుతున్నాను' అని జవాబు. కిందనే ఒక నవ్వు బొమ్మ.

మధ్యాహ్నం అన్నం తిని ఫోన్ చేశాను. ముందు మెషీన్ మాట్లాడుతుంది. 'ఎందుకు ఫోన్ చేశారో రెండు ముక్కల్లో చెప్పండి' అంటుంది. ఫీజు గురించి అంటే ఫీజు ఎంతో చదివి వినిపిస్తుంది, అది నాకూ తెలుసు. 'కార్డు మూసేయాలి' అంటే అప్పుడు మనిషి దగ్గరికి పంపుతుంది. అందులోనూ మామూలు మనిషి కాదు, రిటెన్షన్ వాళ్ళ దగ్గరికి. వెళ్ళిపోతానన్న వాళ్ళని ఆపడమే వాళ్ళ ఉద్యోగం. ఇచ్చే అధికారం ఏదైనా ఉంటే వాళ్ళకే ఉంటుంది.

ఫోన్ తీసిన ఆవిడ గొంతు బాగుంది. పెద్దావిడ అనుకుంటాను. ఎందుకు మూసేస్తున్నారు అని అడిగింది. ఈ ఏడాది ఆ విమానంలో వెళ్ళే పని లేదు, ఫీజుకి తగిన ఉపయోగం కనపడటం లేదు అన్నాను. ఇంతకన్నా కథలు అక్కర్లేదు. కొందరు పోటీ కార్డు పేరు చెప్పి బెదిరిస్తారు, ఆవిడ రోజంతా వినేది అదే కదా. కార్డు లాభాలన్నీ వరసగా చదివింది. విన్నాను. తర్వాత 'మీ అకౌంట్ మీద ఏమున్నాయో చూస్తాను' అని సంగీతం పెట్టింది.

తిరిగొచ్చి చెప్పింది: మూడు నెలల్లో 2,000 డాలర్లు ఖర్చు పెడితే 10,000 మైళ్ళు. ఫీజు మాత్రం ఉంటుంది.

ఫీజుకి స్టేట్‌మెంట్ క్రెడిట్, అంటే బిల్లులో ఆ మేరకు తిరిగి జమ చేయడం, ఏమైనా ఉందా అని అడిగాను. ఈ అకౌంట్ మీద లేదు అంది. సగమైనా? లేదు. ఆవిడ చేతిలో ఉన్నది కంప్యూటర్ చూపించిందే, దానిమీద ఎంత బతిమాలినా లాభం లేదు. కసురుకుంటే అసలే లేదు.

10,000 మైళ్ళు అంటే వినడానికి ఘనంగానే ఉంటుంది. టికెట్‌కి వాడితే నూరు డాలర్లకి కాస్త అటూ ఇటూ వస్తాయి. రేపు అదే టికెట్‌కి ఎన్ని మైళ్ళు అడుగుతారో విమాన సంస్థ ఇష్టం. డెల్టా మైళ్ళు, యునైటెడ్ మైళ్ళు ఇప్పుడు మురిగిపోవు, నిజమే. మురిగిపోకుండానే విలువ తరిగిపోతుంది. ఫీజు మాఫీ అంటే నా 150 నా దగ్గరే ఉండటం, మైళ్ళంటే నా 150 ఇచ్చి, ఆ పైన 2,000 గీకి, ఎప్పటికో ఒక మాట పుచ్చుకోవడం. సియాటిల్ ప్రయాణం ఖాయంగా ఉంటే ఒప్పుకునేదాన్నేమో. ఆలోచించి చేస్తానని చెప్పి పెట్టేశాను. ఆవిడ పద్ధతిగా 'ఎన్ని రోజుల్లోగా చెబితే ఫీజు వెనక్కి వస్తుందో' తారీఖు కూడా చెప్పింది. రాసుకున్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చారు. ఈ సంగతి చెబితే, 'నాది పోయిన వారమే మాఫీ చేశారుగా' అన్నారు, చెప్పులు విప్పుతూ! ఆయనకీ అదే కార్డు ఉంది. ఫోన్ చేయడం ఆయనకి నామోషీ, డబ్బు విషయంలో ఎవర్నీ అడగరు. యాప్‌లో చాట్ పెట్టి ఫీజు ఎక్కువగా ఉంది అని ఒక్క వాక్యం టైప్ చేశారట. మొత్తం 150 క్రెడిట్. నేను అరగంట సంగీతం విన్నదానికి లేనిది ఆయన ఒక్క వాక్యానికి వచ్చింది.

కాసేపు ఉడుక్కున్నాను గానీ, కారణం కళ్ళ ముందే ఉంది. పటేల్ బ్రదర్స్ సరుకులు, పెట్రోలు, పిల్లల డాన్సు క్లాసు అన్నీ ఆయన ఆ కార్డు మీదే గీకుతారు. గీకిన ప్రతిసారీ షాపువాడి దగ్గర బ్యాంకుకి కమీషన్ ముడుతుంది. ఏడాదంతా గీకేవాడికి 150 వదులుకోవడం వాళ్ళకి నష్టం కాదు. నా కార్డు సొరుగులో నిద్రపోతోంది, నేను పోతే పోయేది నా ఫీజే. ఎలా అడిగామన్న దాని మీద ఇంటర్నెట్టంతా పాఠాలు ఉన్నాయి. నాకు మాత్రం ఏడాది పొడుగునా ఏం చేశామన్నదే ఆ కంప్యూటర్ చూస్తుందనిపిస్తోంది. మాఫీ కావాలంటే ఫీజు పడే ముందు రెండు మూడు నెలలైనా ఆ కార్డుని వీధిలోకి తీసుకెళ్ళాలి.

ఈ విమానాలవాళ్ళ అసలు వ్యాపారం ఏమిటో కూడా ఆలోచించాలి. 2024లో డెల్టా కార్డులిచ్చే అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుంచి డెల్టాకి వచ్చిన డబ్బు దాదాపు 740 కోట్ల డాలర్లు. విమానం ఎక్కినందుకు కాదు, మనం ఉప్పూ పప్పూ కొన్నందుకు. కోవిడ్ కాలంలో విమానాలన్నీ నేలమీద నిలబడినప్పుడు యునైటెడ్ తన మైళ్ళ పథకం మైలేజ్‌ప్లస్‌నే తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. మరుసటి ఏడాది అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు తమ పథకం అడ్వాంటేజ్ మీద వెయ్యి కోట్ల డాలర్లు తెచ్చుకున్నారు, 2021లో. మన వాళ్ళు కష్టకాలంలో గొలుసు తీసుకెళ్ళి కుదువ పెట్టినట్టు వీళ్ళు మైళ్ళు పెట్టారు.

రాత్రి తమ్ముడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు, వాడికి పొద్దున. ఈ సోదంతా చెప్పాను. 'మాకు ఫోన్లూ గీన్లూ ఉండవక్కా, ఏడాదికి ఇన్ని లక్షలు ఖర్చు పెడితే ఫీజు లేదు అని ముందే రాసుంటుంది. ఆ లక్షలు దాటడానికి డిసెంబర్లో ఇన్సూరెన్సూ, అమ్మ మందులూ అన్నీ దాని మీదే' అన్నాడు. ఫీజు పడితే దానిమీద 18 శాతం జీఎస్టీ అదనం. వాడికి విస్తారా కార్డు ఉండేది. 2024 నవంబర్ 12న విస్తారా ఎయిరిండియాలో కలిసిపోయింది కదా, కార్డుతో వచ్చే ఉచిత టికెట్లు మరుసటి ఏడు ఆగిపోయాయి. 'ఆ ఏడు నేను అడక్కుండానే రెన్యూవల్ ఫీజు ఎత్తేశారక్కా, ఇవ్వడానికి ఏమీ మిగల్లేదుగా మరి!' అని పగలబడి నవ్వాడు. నా దగ్గర ఇంత నిజాయతీగల మాఫీ కథ ఇంకోటి లేదు.

అన్నట్టు మా వీధి చివరింటివాళ్ళ అబ్బాయి సైన్యంలో ఉన్నాడు. యాక్టివ్ డ్యూటీలో ఉన్నవాళ్ళకి అమెరికన్ ఎక్స్‌ప్రెస్, చేజ్ లాంటి బ్యాంకులవాళ్ళు చాలా కార్డులకి యాన్యువల్ ఫీజే తీసుకోరు. అది వాళ్ళకి చెందాల్సిందే.

పడుకునే ముందు తేల్చేశాను. మూసేయను, ఫీజు లేని కార్డుగా మార్పించుకుంటాను. డెల్టాకి బ్లూ, యునైటెడ్‌కి గేట్‌వే, అమెరికన్‌కి మైల్‌అప్ ఇలాంటివే. అకౌంట్ అదే కాబట్టి దాని వయసు పోదు, కొత్త దరఖాస్తు అని క్రెడిట్ రిపోర్టులో ఇంకో ఎంక్వైరీ (బ్యాంకు మన అప్పుల చరిత్ర వాకబు చేసిన గుర్తు) పడదు. బ్యాగు సదుపాయం పోతుంది, కానీ ఆయన కార్డు ఉందిగా. వచ్చే ఏడు సియాటిల్ టికెట్లు ఆయన కార్డు మీదే, అందరివీ ఒకే బుకింగులో. మూసేసి మళ్ళీ తీసుకుంటే కొత్త బోనస్ వస్తుంది కదా అన్నారు మా ఆయన. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వాళ్ళు ఒక కార్డుకి బోనస్ మామూలుగా జన్మకొక్కసారే ఇస్తారు. చేజ్ వాళ్ళయితే 24 నెలల్లో ఐదు కొత్త కార్డులు తీసుకున్నవాళ్ళని దగ్గరికే రానివ్వరు. ఆ ఆట ఆడేవాళ్ళు వేరే ఉన్నారు, నాకంత ఓపిక లేదు.

మళ్ళీ ఫోన్ చేశాను, ఈసారి వేరే అబ్బాయి, ఐదు నిమిషాల్లో పని అయిపోయింది. కొత్త కార్డు పోస్టులో వస్తుందట. ఫీజు వచ్చే స్టేట్‌మెంట్లో తిరిగి జమ అవుతుందట. ఇందులో మెలిక ఒకటుంది. ఆటోపే, అంటే బిల్లు దానంతటదే కట్టేసే ఏర్పాటు, పూర్తి బ్యాలెన్సుకి పెట్టి ఉంది, కాబట్టి ముందు ఆ 150 బ్యాంకు ఖాతాలోంచి పోతాయి, ఆ తర్వాతే వస్తాయి. ఆటోపే ఆపేసి, మళ్ళీ పెట్టడం మర్చిపోతే ఆలస్య రుసుము ఫీజు కన్నా నొప్పి. పోనీలే, వెళ్ళి రానీ. శుక్రవారం ఇంకోసారి చూసుకోవాలి.