అర టన్ను మోసే స్టాండు

చేపల కోసం అద్దాల తొట్టి నేనే అతికించాను: 120 సెం.మీ. పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు. అంచుదాకా నింపితే నీళ్లే దాదాపు 430 కిలోలు. 12 మి.మీ. అద్దాలు, అడుగున గులకరాళ్లు కలిపితే అర టన్ను దాటుతుంది. అందుకే స్టాండు పై ఫ్రేమును కాళ్ల పక్కన స్క్రూలతో వేలాడదీయలేదు, కాళ్ల నెత్తినే కూర్చోబెట్టాను. బరువంతా కర్ర మీదుగా నేరుగా నేలకు దిగాలి. స్క్రూల పని ముక్కల్ని కదలకుండా పట్టుకోవడం వరకే.

కాళ్లు లావుగా ఉంటే చాలనుకుంటారు చాలామంది. నా భయమల్లా పక్కకు ఒరగడం గురించే. వెనకవైపు నిండుగా ప్లైవుడ్ కొట్టి, భుజంతో గట్టిగా నెట్టి చూశాను. కిర్రుమనలేదు!

రసమట్టం చూసి ఒక కాలి కింద పల్చటి చెక్కముక్క దూర్చాను. తొట్టి కింద థర్మోకోల్ షీటు పరిచాను. ఇసుక రేణువు ఇరుక్కున్నా అద్దానికి ముప్పే. ప్రస్తుతం సగం నింపి, నాలుగు మూలల్లో నీటిమట్టం టేపుతో కొలుస్తున్నాను. చేపల సంగతి తర్వాత.