పెన్ను చేయి మారాలె: సంఘం లీడరు తన తర్వాతి మనిషిని ఎట్లా తయారుచేయాలి

హనుమకొండ, జనగామ, భూపాలపల్లి, ఏ దిక్కు పల్లెకు వెళ్లినా సరే, మహిళల పొదుపు సంఘం మీటింగులో మొదట చూడాల్సింది పెన్ను ఎవరి చేతిలో ఉందన్నది. పదేళ్ల నుంచి అది ఒక్కరి చేతిలోనే ఉంటే, ఆ లీడరు ఎంత మంచి మనిషైనా ఆ సంఘం బలహీనంగా ఉన్నట్టే. ఆమెకు జ్వరమొస్తే మీటింగు ఆగుతుంది. కూతురి కాన్పుకని హైదరాబాద్ పోతే కిస్తీ ఆలస్యమవుతుంది. అనుకోకుండా ఆమె కాలం చేస్తే బ్యాంకు ఖాతా నెలల తరబడి కదలదు.

రెండేళ్లకోసారి లీడర్లను మార్చుకోవాలని చాలా సంఘాలు నియమాల్లో రాసుకున్నాయి. తీర్మానం పుస్తకంలో పేర్లు మారుతాయి కూడా. పని మాత్రం పాత లీడరే చేస్తుంది. ఇందులో పదవి మీద ఆశ కంటే అలవాటే ఎక్కువ. బ్యాంకు మేనేజరు గుర్తుపట్టేది ఆమెనే, వీవోఏ (గ్రామ సంఘం సహాయకురాలు) నేరుగా వచ్చేది ఆమె ఇంటికే, మిగతా సభ్యులు "అక్క చూసుకుంటది తియ్" అని ఊరుకుంటారు. అందరూ కలిసి ఒకరి నెత్తిన పెట్టిన మూట అది. దాన్ని దించుకోవాలంటే, లీడరుగా ఉండగానే ఇంకొకామెకు పని నేర్పాలి. ఐదారు నెలలు పడుతుంది. పత్తి ఏరడం అయిపోయి, యాసంగి నాట్లు పడ్డాక, ఫిబ్రవరిలో మొదలుపెడితే తొలకరికల్లా ఒక దారికి వస్తుంది. నాట్ల రోజుల్లో మొదలుపెడితే ఎవరికీ ఓపిక ఉండదు.

ఎవరిని ఎంచుకోవాలన్న దగ్గరే సగం సంఘాలు తప్పు చేస్తాయి. గట్టిగా మాట్లాడే మనిషిని, లేకపోతే లీడరు సొంత కోడలినో తోటికోడలినో కూర్చోబెడతారు. కోడలు లెక్క సరిగ్గా రాసినా సభ్యులు నమ్మరు, అత్త చెప్పినట్టే రాసిందంటారు. గడిచిన సంవత్సరం హాజరు పట్టీ తీసి చూడండి. ఒక్క మీటింగు కూడా ఎగ్గొట్టకుండా వచ్చినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లలో కిస్తీ ఆగని మనిషిని, పక్కింటామె రాకపోతే "ఏమైంది ఆమెకు" అని అడిగే మనిషిని ఎంచుకోండి. ఏడో తరగతి చదివినా చాలు. చదువు రాకపోయినా లీడరు కావచ్చు. కాకపోతే రాసే మనిషి వేరే ఉండాలి, రాసింది అందరి ముందూ చదివించుకుని వినే పట్టుదల ఆమెకు ఉండాలి.

మొదటి నెల పెన్ను ఇయ్యొద్దు. పోయిన మీటింగు తీర్మానాలు ఆమెతో గట్టిగా చదివించండి, అంతే. పది మంది ముందు గొంతు పెగలడమే మొదటి పని. రెండో నెల పైసలు లెక్కపెట్టడం. చాప మధ్యలో పోసి, ఐదువందల నోట్లు, రెండువందలవి, వందలు, చిల్లర వేరువేరుగా పేర్చి, ఆమె ఒకసారి, ఇంకో సభ్యురాలు ఒకసారి లెక్కించి, మొత్తం పైకి చెప్పాలి. ఇద్దరి లెక్క ఒకటైతేనే పుస్తకంలో ఎక్కాలి. మూడో నెల నుంచి రాత. సంఘం పుస్తకంలో కాదు, ఒక వంద పేజీల లాంగ్ నోట్‌బుక్‌లో. మీటింగు నడుస్తుండగా లీడరు అసలు పుస్తకంలో రాస్తుంటే, ఆమె తన నోట్‌బుక్‌లో రాయాలి: తేదీ, వచ్చినవాళ్లు, రానివాళ్లు, పొదుపు, వాపసు వచ్చిన అప్పు, వడ్డీ, కొత్తగా అప్పు అడిగినవాళ్లు, ఎందుకు అడిగారు, ఏం తీర్మానించారు. అయ్యాక రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. నాలుగు మీటింగులు వరుసగా తేడా లేకుండా వస్తే అప్పుడు అసలు పుస్తకం చేతికి ఇయ్యొచ్చు.

ఇక్కడ వడ్డీ లెక్క గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది దీని దగ్గరే. ఒక సభ్యురాలు నూటికి నెలకు రూపాయి వడ్డీకి 20,000 తీసుకుని పది నెలల్లో కడతానన్నది అనుకోండి. నెలకు అసలు 2,000. మొదటి నెల వడ్డీ 200. రెండో నెలకు అసలు 18,000కు దిగింది కాబట్టి వడ్డీ 180. ఆ తర్వాత 160, 140, అట్లా చివరి నెల 20. మొత్తం వడ్డీ 1,100. కొత్తగా రాసే మనిషి ప్రతి నెలా 200 రాసుకుంటూ పోతే 2,000 అవుతుంది. 900 రూపాయలు తేడా. ఆ 900 ఒక పేద మనిషి రెండు మూడు రోజుల కూలి. ఇది సూత్రంలా వల్లె వేయిస్తే గుర్తుండదు. ఆమె సొంత అప్పు పాస్‌బుక్కే ముందు పెట్టి, పది గళ్లూ ఆమె చేతనే నింపిస్తే మళ్లీ తప్పు రాయదు.

తప్పు జరిగినప్పుడు లీడరు ఏం చేస్తుందన్నదే అసలు పరీక్ష. మొత్తంలో యాభై తక్కువొచ్చింది. అందరూ ఇంటికి పోవాలని తొందరలో ఉన్నారు. లీడరు చెయ్యి తనకు తెలియకుండానే పెన్ను మీదికి పోతుంది. ఆపుకోవాలి. "చెల్లె, మళ్లొక్కసారి పైనుంచి కూడు" అని చెప్పి పక్కకు చూస్తూ కూర్చోవాలి. ఆ తప్పు ఆమెకే దొరకాలి. పది నిమిషాలు పడితే పట్టనీయండి. ఒక్కసారి పెన్ను లాక్కుంటే మూడు నెలల పని వృథా, సభ్యుల కళ్లు మళ్లీ లీడరు వైపే తిరుగుతాయి. తప్పు అంకె మీద దిద్దొద్దు, వైట్‌నర్ పూయొద్దు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. దిద్దిన అంకె చూస్తే ఆడిట్‌కు వచ్చినవాళ్లకూ అనుమానమే, సభ్యులకూ అనుమానమే.

ఏప్రిల్, మే నెలల్లో గ్రామ సంఘం, అంటే ఊరి పొదుపు సంఘాలన్నీ కలిసిన సంఘం, ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) వడ్ల కొనుగోలు కేంద్రం నడిపిస్తుంటే అంతకు మించిన బడి లేదు. మీటింగులో ఉండేది మన ఆడవాళ్లే. కల్లం దగ్గర రైతు, హమాలీ, లారీ డ్రైవరు, మిల్లు మనిషి, నలుగురూ నాలుగు వైపుల నుంచి గుంజుతారు. నేర్చుకునే ఆమె చేతికి మొదట తేమ మిషన్ ఇయ్యాలి. కుప్ప పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి గింజలు తీసి కలిపి చూడాలి. ఎండిన పైపొరే పెడితే తక్కువ చూపిస్తుంది, రేపు మిల్లు దగ్గర తిరిగొస్తుంది. తేమ 17 శాతం దాటకూడదు. మిషన్ 19 చూపించింది, రైతు రెండు రోజులుగా టార్పాలిన్ పట్టా కింద పడుకుని కుప్పకు కాపలా కాస్తున్నాడు, సాయంత్రం మబ్బు పట్టింది. ఆ మనిషికి "అన్నా, ఇంకా ఒక్క రోజు ఎండాలె, రాత్రికి కప్పుకోను పట్టాలు నేనిప్పిస్త" అని చెప్పడం ఎవరూ పుస్తకంలో నేర్పలేరు. లీడరు పక్కనే నిలబడాలి, నోరు మాత్రం విప్పకూడదు. రైతు లీడరు వైపు తిరిగి "నువ్వు చెప్పక్కా" అన్నప్పుడు "ఈ యేడు తేమ ఆమెనే చూస్తది" అనాలి. తర్వాత కాంటా దగ్గర పెట్టండి: సంచికి 40 కిలోల వడ్లు, సంచి బరువు వేరే. చివరికి ట్రక్ షీట్ (లారీకి ఎక్కించిన వడ్ల లెక్క కాగితం), ట్యాబ్‌లో రైతు వివరాలు. బ్యాంకు ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పితే ఆ రైతు పైసలు ఆగిపోతాయి కాబట్టి రైతు పాస్‌బుక్ ముందు పెట్టుకుని ఇద్దరు చదివి ఇద్దరు చూడాలి.

కిస్తీ ఆగిన ఇంటికి పోవడం చివర నేర్పాలి. ముందుగా నేర్పితే భయపడి తప్పుకుంటుంది. పొద్దున వంట టైములో పోవద్దు, ఇంటాయన స్నేహితులతో కూర్చున్నప్పుడు పోవద్దు. ఇద్దరే పోవాలి. ఐదుగురు పోతే అది వసూలు కాదు, పరువు తీయడం. ముందు ఏమైందో అడిగి, ఈ నెల ఎంత కట్టగలదో ఆమె నోటితోనే చెప్పించి, వచ్చే మీటింగులో దాన్ని తీర్మానంగా రాయాలి. ఒకరి పేరు మీద అప్పు తీసి ఇంకొకరు వాడుకున్న సంగతి బయటపడేది కూడా ఇట్లాంటప్పుడే. అందుకే అప్పు ఎప్పుడూ తీసుకున్న సభ్యురాలి సొంత ఖాతాలోనే పడాలని కొత్త లీడరుకు మొదటి రోజు నుంచే చెప్పి పెట్టాలి.

ఇదంతా సాధ్యమా అనేవాళ్లకు హనుమకొండ జిల్లాలోని ముల్కనూరు మన పక్కనే ఉంది. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి మొదలుపెట్టిన సహకార సంఘం ఆయన తర్వాత కూడా నడుస్తోంది. 2002లో అక్కడే మహిళల పాల డెయిరీ మొదలైంది. ఒక సంఘం వ్యవస్థాపకుడి తర్వాత నిలిచిందంటే, పని తెలిసిన చేతులు వెనుక చాలా ఉన్నట్టే.

అప్పగింత రోజు ఒక తెల్లకాగితం మీద అన్నీ రాయాలి: పొదుపు ఖాతాలో నిల్వ, బ్యాంకు అప్పు ఎంత మిగిలింది, స్త్రీనిధి (మహిళా సంఘాలకు అప్పులిచ్చే సహకార సంస్థ) అప్పు ఎంత, సభ్యుల దగ్గర రావాల్సింది ఎంత, పుస్తకాలు ఎన్ని, చెక్కుబుక్కులో మిగిలిన చెక్కులు, స్టాంపు, పెట్టె తాళాలు. సభ్యులందరూ సంతకాలు, వేలిముద్రలు పెట్టాలి. తీర్మానం కాపీ, కొత్త లీడర్ల ఆధార్, ఫొటోలు పట్టుకుని బ్యాంకుకు పోయినప్పుడు కౌంటరు దగ్గర మాట్లాడేది కొత్త లీడరే. పాత లీడరు బెంచీ మీద కూర్చోవాలి.

తర్వాతి మీటింగు నుంచి ఆమె వెనుక వరుసలో కూర్చోవాలి, అడిగితేనే చెప్పాలి. సభ్యులు కొన్నాళ్లు ఆమె ఇంటికే వస్తారు. "నాకెందుకు చెప్తున్నరు, ఆమె దగ్గరికి పోండ్రి" అని ప్రతిసారీ పంపించాలి. ఇది కష్టం, పదేళ్లు ఊరంతా పిలిచిన పిలుపు ఆగిపోతుంటే మనసుకు లోటుగానే ఉంటుంది. బాగా నేర్పిన లీడర్లు కూడా చాలామంది ఇక్కడే జారుతారు.

ఇంకొకటి, చాలా సంఘాలు మర్చిపోయేది. సంతకాలు మారినా బ్యాంకు ఖాతాకు కట్టిన ఫోన్ నంబరు పాత లీడరుదే ఉండిపోతుంది. పైసలు పడినా, తీసినా మెసేజ్ ఆమెకే వస్తుంది, ఓటీపీ ఆమెకే వస్తుంది, కొత్త లీడరు ప్రతిదానికీ ఆమె గడప ఎక్కాల్సి వస్తుంది. సంతకాల మార్పుకు పోయిన రోజే నంబరు మార్పు ఫారం కూడా నింపి ఇయ్యండి. వారం తర్వాత ఖాతాలో వంద రూపాయలు జమచేసి, మెసేజ్ ఎవరి ఫోన్‌లో మోగిందో చూడండి.